ఇనుపదారి యొకటి, బండ్లవారు పలువురు



నేటి నా ప్రసంగమునకు విషయము రైలుబండ్ల పోటీ. ఒక దేశమందలి రైలుమార్గములన్నియు చిరకాలము ఒక్క సంస్థ చేతనే యుండి, పిమ్మట ఆ మార్గములమీదనే పలువురు, ప్రభుత్వసంస్థలవారును ప్రైవేటు కంపెనీలవారును, బండ్లు నడుపుకొనవచ్చునని తలుపు తెఱచినచో ఏమి జరుగును? ఇది ఊహించి చెప్పవలసిన సంగతి కాదు. ఐరోపాఖండమున కొన్ని దేశములు ఈ పని చేసి చూచినవి. కొన్నిచోట్ల టిక్కెట్టు వెల తగ్గినది. ఒక దేశమున పట్టా పగిలి నలుగురు మరణించిరి. ఆ దేశమే ముప్పదియేండ్ల పిమ్మట తన బండ్లను మరల ప్రభుత్వము క్రిందికి తెచ్చుకొన నారంభించినది. మన దేశమునను 2020 వ సంవత్సరమున ఈ తలుపు కొంచెము తెఱచి, మఱుసటి యేడే మూసిరి. రచ్చబండమీద ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ప్రైవేటువారు వచ్చిన బాగుపడునని యొకరును, చెడిపోవునని మఱియొకరును కంఠశోష పడుట నేను వినుచునే యున్నాను. ఎక్కడెక్కడ ఏమి జరిగినదో తెలిసికొని పిమ్మట వాదించుకొన్నచో ఆ వాదమునకు రుచి యుండును.

మొదట ఒక చిక్కును మనవి చేసెదను. మన యూరినుండి పట్నమునకు ఇద్దరు బస్సులు నడుపుచున్నారనుకొందము. ముందటి బస్సు జాగు చేసినచో వెనుకటివాడు హారను మ్రోయించి ప్రక్కనుండి దాటిపోవును. రైలుబండికి ఆ వసతి లేదు. ముందు గూడ్సుబండి మెల్లగా పోవుచుండగా వెనుకనున్న ఎక్స్‌ప్రెస్సు దానిని దాటవలెనన్నచో, ఆ గూడ్సును ఏదో యొక స్టేషనులో లూపులైనునకు తప్పించి నిలుపవలెను. ఒక బండికిని మఱియొక బండికిని నడుమ సిగ్నలు విధించిన యెడము ఉండితీరవలెను. అందుచేత రైలుమార్గమున నిజముగా పంచవలసిన సరకు పట్టా కాదు, ఆ పట్టామీది వేళ. ఒక పట్టామీద ఉదయము 6 గంటల వేళను ఒకనికి ఇచ్చితిమా, ఆ పట్టామీద ఆ నిమిషము లోకమున మఱియెవ్వనికిని లేదు.

ఈ చిక్కు రైలుతో కూడనే పుట్టినది. 1825 వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో స్టాక్టను, డార్లింగ్టను అను నూళ్లను కలుపుచు ఒక రైలుమార్గమును వేసిరి. వేసిన కంపెనీవారు దానిని రహదారివంటిదిగానే భావించిరి. సుంకము చెల్లించిన ఎవడైనను తన గుఱ్ఱమును, తన బండిని తెచ్చుకొని ఆ పట్టాలమీద నడుపుకొనవచ్చును. కంపెనీవారి ఆవిరియంత్రములు బొగ్గు నీడ్చుచుండ, ఆ దారిలోనే పరులు గుఱ్ఱములు పూన్చిన బండ్లలో ప్రయాణికులను తీసికొనిపోయిరి. అది ఒంటిపట్టా దారి. ఎదురుపడిన బండ్లు తప్పుకొనుటకు అక్కడక్కడ మాత్రమే చోటు కలదు. ఆ చోటువఱకు వెనుకకు పోవలసినవాడెవడు? ఇరుకుసందులో రెండు ఎడ్లబండ్లు ఎదురుపడినప్పుడు ఏమి జరుగునో మీరెఱుగనిది కాదు. ఎనిమిదేండ్లు ఆ తగవులను సహించి, 1833 లో కంపెనీవారు పరుల బండ్లను మాన్పించి అన్నియు తామే నడుపసాగిరి. అటుపిమ్మట పట్టా యెవనిదో బండియు వానిదే యను పద్ధతి ఇంచుమించు అన్ని దేశములందును నూటయేబది సంవత్సరములు స్థిరముగా నిలిచినది.

చెఱువుక్రింద సేద్యము చేసినవారికి తరువాతి సంగతి సులువుగా బోధపడును. చెఱువొకటి, తూమొకటి, ఆయకట్టు రైతులు నూర్గురు. నీరు వంతులవారీగా పాఱవలెను. ఆ వంతులు చూచు నీరుగంటికి ఆ తూముక్రిందనే సొంతమడి యున్నచో, ఎండలు ముదిరిననాడు ఎవని చేను ముందు తడియునో వేఱుగ చెప్పవలెనా? అతడు చెడ్డవాడు కానక్కఱలేదు. తన బిడ్డల కంచము అతనికి ముందు కనబడును, అంతే. రైలులో నీరుగంటి పని చేయువాడు పట్టాల యజమానుడు. వేళలు పంచువాడు వాడే, ఆ వేళకు ఇంతయని కూలి కట్టువాడును వాడే. వానికే సొంతబండ్లు కూడ ఉన్నచో, పోటీకి వచ్చిన పరాయివానికి అర్ధరాత్రివేళ లిచ్చి, ఆ వేళలకు రెట్టింపు కూలి కట్టి, "తలుపు తెఱచియే యున్నది, రండి" అనవచ్చును. ఈ మాటను మనసున నుంచుకొని తక్కిన కథ వినుడు.

పట్టాలను, బండ్లను మొదట విడదీసినది స్వీడను దేశము. 1988 లో అక్కడి ప్రభుత్వము పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు ఒక ప్రత్యేకశాఖకు అప్పగించి, పాత రైలుసంస్థకు బండ్లు మాత్రము మిగిల్చినది. 1991 లో ఐరోపాసమాజమువారు తమ సభ్యదేశములన్నియు పట్టాల లెక్క వేఱుగను, బండ్ల లెక్క వేఱుగను వ్రాయవలెనని శాసించిరి. ఆ త్రోవను అందఱికంటె దూరము నడచినది బ్రిటను. ఆ కథ కొంచెము నిదానముగా చెప్పవలసినది.

1948 జనవరి 1 వ తేదీన బ్రిటను రైళ్లన్నియు ప్రభుత్వపరమైనవి. 1993 నాటి చట్టముతో వానిని ముక్కలు చేసిరి. పట్టాలును సిగ్నళ్లును రైల్‌ట్రాక్ అను కంపెనీకి ఇచ్చి, 1996 లో ఆ కంపెనీ వాటాలను అంగడిలో అమ్మిరి. ప్రయాణికుల పెట్టెలను, ఇంజనులను అద్దె కిచ్చు కంపెనీలు మూడు ఏర్పడినవి. బండ్లు నడుపు హక్కును 25 భాగములు చేసి గుత్తకు ఇచ్చిరి. గుత్త యనగా ఏమో మన పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు; సంతపాట, రేవుపాట వంటిదే. సర్కారునకు ఎక్కువ చెల్లింతునని, లేదా సర్కారునుండి తక్కువ సాయము చాలునని యెవడు పాడునో, వానికి కొన్నియేండ్లపాటు ఆ ప్రాంతపు బండ్లు. కాబట్టి ఆ దేశమున జరిగిన పోటీ పాటనాటి పోటీయే కాని, ప్లాటుఫారముమీద నిలిచిన ప్రయాణికునికి కంటబడు పోటీ కాదు. రేవు పాడుకొన్నవానికి ఆ యేడంతయు ఏటిమీద ఎదురు పడవ యున్నదా? ఇదియు నట్టిదే. ఎవని సాయమును కోరక తమ సాహసమున బండ్లు నడుపుకొను కంపెనీలు కొన్ని లేకపోలేదు. 2000 లో వచ్చిన హల్ ట్రెయిన్స్ అట్టిది. అవి సముద్రమున కాకిరెట్ట వంటివి.

ఒక్క మాట న్యాయముగా చెప్పవలెను. ఈ యేర్పాటు జరిగిన తరువాత బ్రిటనులో రైలెక్కువారు మిక్కిలి పెరిగిరి. 1994-95 లో సుమారు 73 కోట్ల ప్రయాణములు. 2018-19 నాటికి 175 కోట్లు. ఇందులో గుత్తేదార్ల నేర్పు ఎంత, నగరములలో కొలువులు పెరుగుటవలన కలిగినదెంత యను వాదము అక్కడ తెగలేదు. పెరుగుట మాత్రము నిజము. ప్రైవేటన్న చెవులు మూసికొనువారు ఈ లెక్కను దాచిపెట్టుదురు; అది సరికాదు.

ఇక రెండవ ప్రక్క. 2000 అక్టోబరు 17 వ తేదీన లండనునుండి లీడ్సు నగరమునకు పోవు ఎక్స్‌ప్రెస్సు హాట్‌ఫీల్డు అను నూరివద్ద వంపు తిరుగుచుండగా, బండిక్రింద పట్టా వందలముక్కలుగా పగిలిపోయినది. నలుగురు మరణించిరి, డెబ్బదిమందికి మించి గాయపడిరి. ఆ పట్టాలో పగుళ్లున్నవని ముందే తెలియును. దానికి బదులు వేయవలసిన క్రొత్త పట్టాను తెచ్చి ప్రక్కనే పడవేసి నెలలు గడచినవి. పట్టా రైల్‌ట్రాక్ వారిది. మరమ్మతు చేయవలసినవారు వేఱొక కంపెనీ. మరమ్మతునకై ఆ దారిని కొన్నిగంటలు మూయవలెనన్న బండ్లవారికి నష్టము, ఆ నష్టమునకు పరిహార మెవ్వరిదను లెక్క వేఱు. అందఱికి సంబంధించిన పని యెవ్వరిదియు కాకపోయెను. 2005 లో అక్కడి న్యాయస్థానము మరమ్మతు కంపెనీకిని, పట్టాలకు అప్పటి వారసురాలైన సంస్థకును జరిమానాలు విధించినది.

నేను బడిపంతులుగా నుండిన యూరికి అల్లంత దూరమున రైలుకట్ట కలదు. తెల్లవారకముందే కీమాను భుజముమీద సుత్తియు పానాయు వేసికొని, తనకు విధించిన దూరము పట్టాల వెంట నడచుచు, వదులైన కీలను కొట్టుచు పోవుట పిల్లలకు నిత్యము కనబడు దృశ్యము. ఆ సుత్తి చప్పుడును బట్టి బడికి బయలుదేరువారు కొందఱుండిరి. ఆ కీమాను ఎవని నౌకరు, వాడు "ఇచ్చట పట్టా బాగులేదు" అన్నచో బండి నాపించు అధికారము ఎవనికి కలదు, ఆపినందువలన నష్టపోవువాడు వానినే తిట్టునా, మెచ్చునా? కాగితముమీద ఇవి చిల్లరప్రశ్నలు. రైళ్లను ముక్కలుచేయు చట్టము వ్రాయువారు వ్రాయుటకు ముందు ఒక్క ఉదయము కీమాను వెంట నడచిన బాగుండునని నాకు తోచును.

హాట్‌ఫీల్డు తరువాత ఇంకెక్కడ పగుళ్లున్నవో తెలియక దేశమంతట 1,200 కు మించిన తావులలో బండ్ల వేగమును తగ్గించిరి. గంట ప్రయాణము మూడు గంటలయినది. రైల్‌ట్రాక్ అప్పులలో మునిగి 2001 అక్టోబరులో దివాలాధికారుల చేతికి పోయినది. 2002 లో పట్టాలను వాటాదార్లు లేని నెట్‌వర్క్ రైల్ అను సంస్థకు అప్పగించిరి. గుత్తల సంగతియు అంతకంటె మెఱుగుగా నడువలేదు. లండనునుండి ఎడింబరోకు పోవు తూర్పుతీరపు మార్గము మంచి రాబడి గలది. దానికై కంపెనీలవారు అతిగా పాడిరి. 2006 మొదలు 2018 లోపల ముగ్గురు గుత్తేదార్లు ఒకరి వెనుక నొకరు పాడిన సొమ్ము చెల్లింపలేక తప్పుకొనిరి. తుదకు ప్రభుత్వమే బండ్లు నడిపినది. 2018 మే నెలలో క్రొత్త టైముటేబులు నొకదానిని ఒక్కమాఱే అమలుపఱుపబోగా ఉత్తర ఇంగ్లండునను, లండను పరిసరములందును దినమునకు వందలకొలది బండ్లు రద్దయినవి. పట్టాలవారు వేళలను ఆలస్యముగా స్థిరపఱచిరి. బండ్లవారికి ఆ వేళలకు తగిన డ్రైవర్లు లేరు. 2020 లో కోవిడు వ్యాధి వచ్చి ప్రయాణికులే లేకపోగా గుత్తలన్నియు కుప్పకూలినవి. 2024 నవంబరులో బ్రిటను పార్లమెంటు గుత్తల గడువులు ముగియుకొలది బండ్లు ప్రభుత్వమునకే చేరవలెనని చట్టము చేసినది. ఆ చట్టము క్రింద మొదట చేరినది సౌత్ వెస్టర్న్ రైల్వే, 2025 మే 25 వ తేదీన.

బ్రిటను కథ ఒక్కటే విన్నవారు ఇంతటితో తీర్పు చెప్పి లేచిపోవుదురు. అది తొందరపాటు. ఇటలీలోను, స్పెయినులోను జరిగినది వేఱు.

ఇటలీలో 2012 ఏప్రిలు 28 వ తేదీన ఇటాలో అను ప్రైవేటుబండ్లు మిలాను, రోము, నేపుల్సు నగరముల నడుమ నడువసాగినవి. అంతకుముందు ఆ వేగమార్గమున సర్కారు సంస్థయగు ట్రెనిటాలియా బండ్లే తిరిగెడివి. ఇది గుత్త కాదు. ఒకే పట్టామీద, ఒకే గంటలో, రెండు సంస్థల బండ్లు. ప్రయాణికుడు ఈ వెలను, ఆ వెలను చూచి తనకు నచ్చిన బండి నెక్కును. అయితే అచ్చటి నీరుగంటి మాట యేమి? పట్టాల సంస్థయు, సర్కారు బండ్ల సంస్థయు ఒకే తల్లి సంస్థకు బిడ్డలు. తగవు మొదటి యేటనే వచ్చినది. రోములో ఓస్తియెన్సే యను స్టేషనువద్ద ఇటాలోవారు తమ ప్రయాణికులకై ఒక వసతిగృహము నమర్చుకొనిరి. ఆ గృహమునకును ప్లాటుఫారమునకును నడుమ పట్టాల సంస్థవారి ఇనుపకంచె యొకటి అడ్డముగా నిలిచినది. బండి కంటి కెదురుగా కనబడుచునే యుండును, ప్రయాణికుడు మాత్రము పెట్టె మోసికొని చుట్టు తిరిగి పోవలెను. ఆ కంచె పత్రికల కెక్కినది. ఇటాలో మొదటి యేండ్లలో నష్టములలో మునిగినది. 2013 లో ఇటలీ ప్రభుత్వము రైలువారి చేతిలో లేని యొక స్వతంత్ర నియంత్రణాధికారిని ఏర్పఱచినది. 2014 లో ఆ యధికారి వేగమార్గపు పట్టాకూలిని బాగుగా తగ్గించెను. అటుపిమ్మటనే ఆ కంపెనీ నిలద్రొక్కుకొనగలిగినది. చేవ గలిగిన తీర్పరి లేనిచోట పోటీ బ్రతుకదు అనుటకు నాకు దొరికిన దృష్టాంతములలో ఇది గట్టిది.

స్పెయినువారు తూమును ముందే వేఱుచేసికొనిరి. 2005 లోనే పట్టాలు ఆడిఫ్ అను సంస్థకును, బండ్లు రెన్ఫే యను సంస్థకును పంచిరి; రెండును సర్కారువే. 1992 లో మాడ్రిడ్ సెవిల్యాల నడుమ ప్రారంభించిన వేగమార్గములను అపారమైన ధనముతో దేశమంతట వ్యాపింపజేసిరి. పట్టాలు పెక్కు, వానిమీద తిరుగు బండ్లు కొంచెము. ఖాళీగా నెండు పట్టాకు కూలి రాదు. కాబట్టి వేళలను మూడు కట్టలుగా కట్టి ముగ్గురి కిచ్చిరి. పెద్దకట్ట రెన్ఫేది. 2021 మే నెలలో ఉయిగో యను క్రొత్తవారు మాడ్రిడ్ బార్సెలోనా నగరముల నడుమ బండ్లు ప్రారంభించి, తొలుత 9 యూరోలు మొదలుకొని టిక్కెట్టు లమ్మిరి. మఱుసటి నెలలోనే రెన్ఫేవారు ఆవ్లో యను పేరుతో చవుకబండ్లు తెచ్చిరి. ఇన్నాళ్లు ఆ చవుకబండ్లు ఎక్కడ దాగినవని అచ్చటివారు అడిగియుందురు, నేనైనచో అడుగుదును. 2022 నవంబరులో మూడవవారగు ఇరియో వచ్చిరి. వెలలు తగ్గినవి, ఆ మార్గమున ప్రయాణికులు విశేషముగా పెరిగిరి.

ఇందులో ఒక చమత్కారము కలదు. ఈ ఉయిగో యెవరు? ఫ్రాన్సు దేశపు సర్కారు రైల్వేవారి సంస్థ. ఇరియోలో పెద్దవాటాదారు ఎవరు? మనము ఇప్పుడే చెప్పుకొన్న ఇటలీ సర్కారువారి ట్రెనిటాలియా. ఆ ట్రెనిటాలియాయే 2021 డిసెంబరులో ఫ్రాన్సులో పారిస్ లియోను నగరముల నడుమ ఫ్రాన్సువారికి పోటీగా బండ్లు దింపినది. 2023 లో స్పెయిను రెన్ఫేయు ఫ్రాన్సులోనికి పోయినది. తన యింట సర్కారువాడు పొరుగింట వ్యాపారి యగుచున్నాడు. ప్రభుత్వము, ప్రైవేటు అని మనము రెండు కుప్పలు పోసికొని పోట్లాడుచున్నాము గాని, ఆ దేశములలో ఆ కుప్పలు కలిసిపోయి చాలకాలమైనది. ఉయిగో స్పెయినులో మొదటి యేండ్లలో నష్టములనే చూపినది. ఆ నష్టమును భరించినది ఫ్రాన్సువారి సొమ్ము. లాభపడినవాడు స్పెయిను ప్రయాణికుడు. ఇట్టి దానధర్మము ఎంతకాలము సాగునో, పోటీదారులలో ఒకడు అలసిపోయిన పిమ్మట వెలలు ఎట్లుండునో చూడవలసియున్నది.

మాడ్రిడునుండి బార్సెలోనాకు పోవువానికి ఇంత మేలు జరిగినది. పల్లెటూరివాని మాట యేమి?

మాడ్రిడునకు తూర్పున క్వెంకా యను పట్టణము కలదు. 2010 లో వేగమార్గము ఆ వైపునకు వచ్చి, ఊరి వెలుపల క్రొత్త స్టేషను నొకదానిని నెలకొల్పినది. పాతదారి మాత్రము అరన్హువేస్ అను నూరినుండి పల్లెలను తడవుచు క్వెంకా మీదుగా ఊతియేల్ వఱకు పోయెడిది. 2022 జూలైలో ఆ పాతదారిపై ప్రయాణికుల బండ్లను ఆపివేసి బదులుగా బస్సులను వేసిరి. పోటీవలననే ఆ దారి చచ్చినదని నేననను. ఆ బండ్ల నెక్కువారు ఏనాటినుండియో తగ్గిపోయిరి, పట్టాలు పాతవై కుంటుచుండెను. నేను మీ దృష్టికి తెచ్చునది ఒక్కటే. మాడ్రిడ్ బార్సెలోనా మార్గమునకు మూడుదేశములవారు పోటీపడిరి; ఆ పల్లెదారికి పోటీదారు పుట్టలేదు. పుట్టడు కూడ. పండిన చేనికే పిట్టలు వచ్చును. పోటీయన్నది పల్లెబండిని చంపదు, బ్రతికింపదు. దాని వైపు చూడనే చూడదు.

అయినచో పల్లెబండిని బ్రతికించున దేది? జర్మనీవారు 1996 లో ఒక మార్గము త్రొక్కిరి. ఊరూర ఆగు బండ్ల బాధ్యతను కేంద్రప్రభుత్వము రాష్ట్రముల కిచ్చి, దానితోపాటు సొమ్మును ఇచ్చినది. ఏ దారిలో దినమునకు ఎన్ని బండ్లు, ఏ యే వేళల, ఏ యే యూళ్లలో ఆగవలెనో రాష్ట్రమువారు వ్రాసి పిలుపు నిత్తురు. సర్కారు సంస్థయైనను ప్రైవేటు కంపెనీయైనను, తక్కువ సొమ్ముకు సరిగా నడుపుదునన్నవానికి కొన్నియేండ్లకు ఒడంబడిక. ఇదియు పాటయే; అయితే ఇక్కడ బండి నిలువవలసిన యూళ్లను పాడువాడు నిర్ణయింపడు, సొమ్మిచ్చువాడు నిర్ణయించును. స్టుట్‌గార్టు నగరమునకు సమీపమున షోన్‌బుఖ్ అను చిన్నదారి కలదు. బోబ్లింగెన్ పట్టణమునుండి డెటెన్‌హౌజెన్ అను నూరికి పోవును. 1966 లోనే అందులో ప్రయాణికుల బండ్లు ఆగిపోయినవి. ముప్పదియేండ్ల పిమ్మట, 1996 డిసెంబరులో, ఆ రెండు జిల్లాల స్థానికసంస్థలు చేతులు కలిపి మరల బండ్లు నడిపించినవి. వారు వేసికొన్న అంచనాలకు మించి జనము ఎక్కిరి. క్వెంకా పల్లెలకును, షోన్‌బుఖ్ పల్లెలకును నడుమ భేదము ప్రైవేటువాడు వచ్చుటలోను లేదు, రాకపోవుటలోను లేదు. ఒకచోట ఆ బండి కావలెనని వ్రాసి సొమ్ము కట్టినవాడు ఉన్నాడు, మఱియొకచోట లేడు.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదను. మన దేశమున రైళ్లు మొదట కంపెనీలవే. 1853 లో బొంబాయినుండి ఠాణాకు బండి నడచినది మొదలు ఇంగ్లీషు కంపెనీల వాటాదార్లకు పెట్టుబడిమీద నూటికి 5 వంతున రాబడికి సర్కారు పూచీ యుండెడిది. లాభము తక్కువయైనచో మన పన్నులతో పూరించెడివారు. ఒక ప్రాంతమునకు ఒకే కంపెనీ, అందు పోటీ లేదు, నష్టభయమును లేదు. ఒక్కొక్క కంపెనీ గడువు తీఱిన కొలది అవి సర్కారు చేతికి వచ్చినవి. నైజాము రాజ్యమందలి రైల్వేను 1930 లో నిజాము ప్రభుత్వము తీసికొన్నది. మద్రాసు దక్షిణ మహారాష్ట్ర రైల్వే 1944 లో భారతప్రభుత్వమునకు చేరినది. ఆ నాటినుండి పట్టా, బండి, సిగ్నలు, టిక్కెట్టు అన్నియు ఒక్క చేతిలోనివి.

మన టిక్కెట్టుమీద కొన్నియేండ్ల క్రిందట ఒక వాక్యమును అచ్చొత్తుట మొదలిడిరి. ప్రయాణపు ఖర్చులో సగటున నూటికి 57 వంతులు మాత్రమే టిక్కెట్టు వెలగా వచ్చుచున్నదని దాని భావము. తక్కినది ఎక్కడిది? ముఖ్యముగా గూడ్సుబండ్ల రాబడినుండి. బొగ్గు, సిమెంటు, ధాన్యము తమ కిరాయిలో మన ప్రయాణపు ఖర్చును కొంత మోయుచున్నవి. ఇంట ఒక కుమారుని సంపాదనతో తక్కినవారందఱు భుజించినట్లు. ఆ కుమారుడు వేఱు కాపురము పెట్టిననాడు తక్కినవారి యన్నము మాట ముందు ఆలోచింపవలెనా, వలదా?

గూడ్సులో కొంత తలుపు తెఱచుట జరిగియే యున్నది. 2006 లో కంటెయినర్ల బండ్లను ప్రభుత్వసంస్థతోపాటు ప్రైవేటువారును నడుపుకొనవచ్చునని అనుమతించిరి. ప్రయాణికుల విషయమున 2019 అక్టోబరులో లక్నో ఢిల్లీల నడుమ తేజస్ బండిని రైల్వేకే చెందిన ఐ.ఆర్.సి.టి.సి. సంస్థకు అప్పగించిరి. గంటకు మించి ఆలస్యమైనచో ప్రయాణికునికి 100 రూపాయలు, రెండుగంటలకు మించిన 250 రూపాయలు పరిహార మిత్తుమని వారు ప్రకటించిరి. ఆలస్యమునకు వెల కట్టిన మాట మన రైలులో వినుట నాకు క్రొత్త, సంతోషము కూడ. ఆ తరువాత 2020 జూలైలో రైల్వేవారు 109 జతల ఊళ్ల నడుమ 151 బండ్లను 35 ఏండ్లపాటు ప్రైవేటువారికి ఇత్తుమని, 30,000 కోట్ల రూపాయల పెట్టుబడి వచ్చునని ప్రకటించిరి. దేశమును 12 ముఠాలుగా విభజించిరి. అందు సికిందరాబాదు ఒకటి. మొదట ఎన్నో కంపెనీలు ఉత్సాహము చూపినవి. 2021 జూలైలో తుదిపాట కవర్లు విప్పి చూడగా పాడినవారు ఇద్దరే. ఒకరు ఆ ఐ.ఆర్.సి.టి.సి. వారు, మఱియొకరు హైదరాబాదునకు చెందిన యొక నిర్మాణసంస్థవారు. పన్నెండింటిలో మూడు ముఠాలకే పాటలు వచ్చినవి. ఏర్పాటు రద్దయినది.

కారణములు పెక్కు చెప్పుదురు, కోవిడుకాలమని యొకటి. ముఖ్యకారణము చెఱువుగట్టున కూర్చున్న రైతునకు తోచునదే. వేళలు పంచువారు రైల్వేవారు, పట్టాకూలి కట్టువారు రైల్వేవారు, అదే దారిలో అదే దిక్కునకు బండ్లు నడుపువారు రైల్వేవారు. తగవు వచ్చినచో ఎవరివద్ద మొఱపెట్టుకొనవలెను? స్వతంత్రమైన తీర్పరిని నియమింపవలెనని 2017 లో కేంద్రమంత్రిమండలి సమ్మతించినది గాని, పాట జరుగునాటికి అట్టివాడు పీఠముపై లేడు. ముప్పదియైదేండ్లకు సొమ్ము పెట్టబోవువాడు ఓస్తియెన్సే కంచెను తలచుకొనడా?

అయితే పోటీ రానందువలన మన పల్లెబండికి క్షేమమని తలపవలదు. 2020 మార్చిలో కోవిడునకై దేశమంతట పాసింజరు బండ్లు ఆగినవి. మరల నడుపునప్పుడు వానిలో అనేకము ఎక్స్‌ప్రెస్సు స్పెషలు అను పేరు పెట్టుకొని వచ్చినవి. బండి పాతదే, పట్టా పాతదే, ఎక్కువాడును పాతవాడే. కనీసపు టిక్కెట్టు మాత్రము 10 రూపాయలకు బదులు 30 రూపాయలు. కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని రెండు స్టేషనుల దూరము పోవు ముసలామెకు ఈ ఇరువది రూపాయలు ఆనాటి లాభములో ఎంతభాగమో మీకు తెలియును. 2024 ఫిబ్రవరిలో వెలను మరల 10 రూపాయలకు దింపిరి. ఇదంతయు ఒక్క సంస్థ చేతిలో రైళ్లుండగా, పోటీదారుడన్నవాడు కనుచూపుమేర లేనప్పుడు జరిగినదే. 2020 నాటి ఆ 151 బండ్ల మాటకు వచ్చిన, అవి యొక్కొక్కటి 16 పెట్టెలకు తక్కువగాక గంటకు 160 కిలోమీటర్ల వేగము నందుకొనదగిన దూరపుబండ్లు. హాల్టులో ఆగు బండి అందులో ఒక్కటియు లేదు.

మన ప్రాంతమున బండిని కావలెనని కోరి సొమ్ము కట్టిన దృష్టాంతము ఒకటి కలదు. హైదరాబాదు, సికిందరాబాదు నగరములలో 2003 లో ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. బండ్లకు మొదటిదశ ఖర్చును రాష్ట్రప్రభుత్వమును రైల్వేయు చెఱిసగము పెట్టుకొనిరి. రెండవదశలో మూడింట రెండువంతులు రాష్ట్రము, ఒకవంతు రైల్వే యని ఒప్పుకొనిరి. ఆ రెండువంతుల సొమ్ము చేరుట జాగైన కొలది పనియు జాగైనది; మేడ్చలువైపునకును, ఉందానగరువైపునకును బండ్లు 2023 ఏప్రిలులో గాని నడువలేదు. అది నగరమునకు సంబంధించిన యేర్పాటు. అట్లే ఒక జిల్లాలోని పల్లెదారికి, ఇన్ని బండ్లు, ఈ వేళల, ఈ హాల్టులలో అని వ్రాసి, ఏటేట ఇంత సొమ్మని కట్టి, నడుపుటకు సర్కారు రైల్వేనైనను పరాయి కంపెనీనైనను పిలువగల అధికారము మన జిల్లాపరిషత్తులకు గాని, రాష్ట్రములకు గాని కలుగవలెనన్నచో దానికి చట్టము కావలెను. ఓట్లకు వచ్చువారిని ప్రైవేటు మంచిదా, సర్కారు మంచిదా యని అడిగినచో వారు ఒక గంట ఉపన్యసించి పోవుదురు. మా హాల్టులో ఉదయపుబండి నిలుచుటకు ఒడంబడిక ఎవరు వ్రాయుదురు, సొమ్ము ఏ పద్దునుండి వచ్చును, వేళ పంచు తీర్పరి ఎవరు అని అడిగిచూడుడు.